అచ్చుల్లో నాలుగోది

క్రీస్తురాజపురం కొండ మీద
నూటపన్నెండు మెట్లెక్కితే మా వాటా.
తెల్లారి ఐదింటికి స్నానాలగదిలో గీజరు
ఒక అక్షరమూ ఒక అంకే ఎర్రగా చూపించి
నోరు మూసుకుంది.

"ఏమంటోంది?" తలుపవతల్నించి కమలిని.
"ఈ ఒకటి."
"ఏ ఒకటి?"
"ఈ ఒకటేనే!"
మరదలు రత్నమాణిక్యం పురుటి పదిహేనో రోజు.
కాళ్ళు చాపి పీటమీద కూర్చుంది పెద్దక్క.
ఆ కాళ్ళమీద బిడ్డ,
బిడ్డ మీద నలుగు,
నీళ్ళు మాత్రం చన్నీళ్ళు.

గవర్నరుపేట ప్రెస్సులో
ముప్పయ్యొక్కేళ్ళుగా ప్రూఫులు దిద్దేవాణ్ణి.
'శ' ఉండాల్సిన చోట 'ష' పడితే
అన్నంలో రాయి తగిలినట్టుంటుంది నాకు.
ఈ ఎర్రంకె ముందు మాత్రం
పలక పట్టుకున్న మొదటిరోజు పిల్లాణ్ణి.

కాయితాల పుస్తకం బియ్యండబ్బా కింద దొరికింది.
"ఈ-ఒకటి: మంద రాలేదు" అని ఉంది.
పెన్సిలు తీసి 'మంట' అని దిద్దాను.
గీజరు దిద్దుకోలేదు.

సిలిండరు ఎత్తి చూశాను, బరువుంది.
అడుగు పెట్టెలో రెండు లావు బ్యాటరీలు
ఉప్పుపట్టి ఊరగాయ ముక్కల్లా ఉన్నాయి. మార్చాను.
టిక్ టిక్ టిక్ టిక్
నిప్పురవ్వ ఉంది, నిలవటం లేదు.
కొండమీద నీళ్ళకు ఎప్పుడూ నీరసమే,
ఇన్ని మెట్లెక్కొచ్చిన మనిషిలా.
గొట్టం విప్పితే బొటనవేలంత జల్లెడ,
దాన్నిండా కృష్ణ ఒండ్రు.
పాత పళ్ళబ్రష్షుతో తోమి బిగించాను.
భగ్గుమంది.
ఆ పూట ఇంట్లో నేనే ఇంజినీరుని.

నాలుగు రోజులు.
అయిదో రోజు మూడు నిమిషాలు వెలిగి ఆరింది.
ఈసారి ఈ ఎనిమిది.
పుస్తకంలో ఆ పేజీ ఎలక తినేసింది.
మళ్ళీ బ్యాటరీలు, మళ్ళీ జల్లెడ, మళ్ళీ బ్రష్షు;
వచ్చిన జవాబుతోనే
రాని లెక్క చేస్తూ కూచున్నాను.

పంజా సెంటర్నించి నాగుల్‌మీరా వచ్చాడు.
మెట్లకి రొప్పుతూ గుమ్మంలో నిలబడి
గీజరు వంక చూడనైనా చూడకుండా
కిటికీ వంక చూశాడు.
"ఎవరంటించారు సార్ ఈ కాయితాలు?"
నేనే. బిడ్డకి చలిగాలి తగలకూడదని
పాత ప్రూఫులు రెండు పొరలు,
సందుల్లో స్పాంజి, పైన మైదా జిగురు.
చక్కటి పనితనం.

"గాలాడకపోతే మంట ఇసం కక్కుద్ది.
వాసన రాదు, కంటికి కనపడదు.
నిద్దరొచ్చినట్టుంటది, అంతే.
ఇది చెడిపోలా సార్,
నేను వెలగనని మొండికేసింది."

కమలిని నా మొహంలోకి చూసింది.
మొన్న మంగళవారం
స్నానంచేసి వచ్చిన రత్నమాణిక్యం తల పట్టుకుంటే
బాలింతలకు మామూలేలెమ్మని
శొంఠిపట్టు వేసింది మేమే.

అతను గోళ్ళతో గీకుతుంటే
కాయితాలు చిరుగుతున్న చప్పుడు.
గుణదల వైపునుంచి గాలి
అడ్రసు దొరికిన మనిషిలా లోపలికొచ్చింది.
"పెట్టె గోడవతలికి మార్చాలి, రేపొస్తా.
అప్పటిదాకా పొయ్యిమీదే కాచుకోండి."
నూటయాభై తీసుకుని మెట్లు దిగిపోయాడు.

తడినేల మీద ముక్కలు ఏరుతున్నాను.
ఏదో పెళ్ళిపత్రిక, ఏదో వర్జ్యం,
అన్నిటి అంచులా నా ఎర్రసిరా.
ఒకదాని మీద, రెండు మాటలు అతుక్కుపోయిన చోట,
నా చేత్తోనే గీత గీసి రాసి ఉంది:
"ఇక్కడ ఎడం వదలాలి."

వంటింట్లో గిన్నె మూత కదులుతోంది.
బిడ్డ ఏడుపందుకుంది,
గుక్కపట్టి, గది నిండా.
ఎవరం ఊరుకోబెట్టలేదు కాసేపు.